చిన్న మాటల పెత్తనం

1977 మార్చి 27, ఆదివారం. సాయంకాలం కావస్తోంది. అట్లాంటిక్ మహాసముద్రంలో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న కానరీ దీవుల్లో టెనరీఫ్ ఒకటి. ఆ దీవిలోని చిన్న విమానాశ్రయం ఆరోజు కిక్కిరిసిపోయి ఉంది. పొరుగు దీవి విమానాశ్రయంలో బాంబు పేలినందువల్ల అక్కడ దిగవలసిన విమానాలను ఇటు మళ్ళించారు. వాటిలో రెండు జంబోజెట్లు ఉన్నాయి. ఒకటి డచ్చివారిది, మరొకటి అమెరికావారిది. చూస్తుండగానే పొగమంచు దిగివచ్చి రన్‌వేను కప్పివేసింది. టవర్‌లోని కంట్రోలరుకు విమానాలు కనిపించవు. ఒక విమానంలోని పైలట్లకు రెండో విమానం కనిపించదు. అందరికీ ఆధారం రేడియోలో వినిపించే ఇంగ్లీషు మాట ఒక్కటే. ఆ ఇంగ్లీషు ఆ కంట్రోలరుకు గాని, డచ్చి పైలట్లకు గాని మాతృభాష కాదు.

డచ్చి విమానం రన్‌వే చివర నిలిచి ఉంది. ఎగిరిన పిమ్మట ఏ దిక్కుకు తిరగాలో, ఎంత ఎత్తుకు పోవాలో కంట్రోలరు చెప్పాడు. అది దారి చూపడమే గాని ఎగరడానికి అనుమతి కాదు. అయితే ఆ వాక్యంలో ‘టేక్ ఆఫ్’ అనే మాట దొర్లింది. డచ్చి కో-పైలట్ ఆ సూచనలను తిరిగి అప్పజెప్పి, చివర “వి ఆర్ నౌ ఎట్ టేక్ ఆఫ్” అని ఒక ముక్క కలిపాడు. అప్పటికే విమానం పరుగు మొదలుపెట్టింది. ఎగరడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారని మాత్రమే కంట్రోలరు అర్థం చేసుకున్నాడు. “ఓకే” అన్నాడు. ఆ వెంటనే “స్టాండ్ బై ఫర్ టేక్ ఆఫ్” అని, తాను పిలిచేదాకా ఆగమన్నాడు. సరిగ్గా ఆ క్షణంలోనే, తాము ఇంకా రన్‌వే మీదనే ఉన్నామని అమెరికా విమానం రేడియోలో చెప్పింది. రెండు ప్రసారాలు ఒకదానిపై ఒకటి పడి కీచుమనే రొద మిగిలింది. డచ్చివారికి స్పష్టంగా వినబడినది ‘ఓకే’ ఒక్కటే. క్షణాలలో రెండు విమానాలూ ఢీకొన్నాయి. 583 మంది మరణించారు. విమాన ప్రమాదాల చరిత్రలో అంత ప్రాణనష్టం మరొకటి లేదు.

ఆ ఘోరానికి ఒక్క మాటే కారణమని ఎవరూ అనలేరు. పొగమంచు ఉంది, ఆలస్యమైపోతున్నదన్న ఆత్రం ఉంది, అనుమతి అందకుండానే విమానాన్ని కదిలించిన కెప్టెన్ పొరపాటు ఉంది. కాని ఆనాటి నుంచి విమానయాన రంగంలో ఒక కట్టుబాటు స్థిరపడింది. ఆ కట్టుబాటు రెండు చిన్న మాటలకు సంబంధించినది: ‘టేక్’, ‘ఆఫ్’.

ఈ రెండూ ఇంగ్లీషు వాచకం మొదటి పుటల్లో కనిపించే మాటలే. ‘టేక్’ అంటే తీసుకొను. ‘ఆఫ్’ అంటే ఎడంగా, వేరుగా. విడివిడిగా రెండింటి అర్థమూ మూడో తరగతి పిల్లవాడు చెబుతాడు. కలిపితే మాత్రం పట్టభద్రుడైనా తడుముకోవలసిందే. “హి టుక్ ఆఫ్ హిజ్ షర్ట్” అంటే చొక్కా విప్పాడు. “ది ప్లేన్ టుక్ ఆఫ్” అంటే విమానం లేచింది. “హి టుక్ ఎ డే ఆఫ్” అంటే ఒకరోజు సెలవు పెట్టాడు. “ది బిజినెస్ టుక్ ఆఫ్” అంటే వ్యాపారం పుంజుకుంది. ఎవరి నడకనో గొంతునో అనుకరించి నవ్వించినా “హి టుక్ హిమ్ ఆఫ్” అనే అంటారు. దేశాల ఆర్థికాభివృద్ధిలో ఒక దశకు కూడా రోస్టోవ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1960లో ఈ పేరే పెట్టాడు. చొక్కాకూ, విమానానికీ, దేశ సౌభాగ్యానికీ ఒకే మాట!

ఇటువంటి జంటలనే ఇంగ్లీషులో ‘ఫ్రేజల్ వెర్బ్స్’ అంటారు. తెలుగులో పదబంధ క్రియలు అనవచ్చు. గో, కమ్, గెట్, గివ్, పుట్, టేక్, లుక్, టర్న్ వంటి అతి సామాన్యమైన క్రియ ఒకటి. దాని వెనుక అప్, డౌన్, ఇన్, అవుట్, ఆన్, ఆఫ్ వంటి తోక ఒకటి. ఈ తోకే తలను ఆడిస్తుంది. ‘లుక్’ అంటే చూడడం. తోక ‘ఆఫ్టర్’ అయితే సంరక్షించడం, ‘ఫర్’ అయితే వెదకడం, ‘ఇంటు’ అయితే విచారించడం, ‘డౌన్ ఆన్’ అయితే చిన్నచూపు చూడడం, ‘అప్ టు’ అయితే గౌరవించడం, ‘ఫార్వర్డ్ టు’ అయితే ఎదురుచూడడం. చూపు ఒకటే, అది పోయే దిక్కును బట్టి మనసు మారిపోతుంది.

పరాయివారికి ఇది ఎంత కష్టమో ఇంగ్లీషువారిలో స్పష్టంగా చెప్పినవాడు శామ్యూల్ జాన్సన్. 1755లో వెలువడిన తన ప్రఖ్యాత నిఘంటువు పీఠికలోనే ఈ సంగతి ప్రస్తావించాడు. క్రియ వెంట చిన్న మాటను చేర్చి అర్థాన్ని మార్చే పద్ధతి ఇంగ్లీషులో ఉన్నంతగా బహుశా మరే భాషలోనూ లేదనీ, విదేశీయులను అన్నిటికన్నా ఎక్కువగా చిక్కుల్లో పెట్టేది ఇదేననీ ఆయన అభిప్రాయం. అందుకే అటువంటి జంటలను ఏరి ఏరి నిఘంటువులోకి ఎక్కించాడు. ఇంతా చేసి, జాన్సన్ స్వయంగా రాసిన వచనం నిండా బరువైన లాటిను పదాలే! ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు మాత్రం చాలా తరువాత వచ్చింది. లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో ప్రకటించిన తన గ్రంథంలో ఆ పేరు వాడి, దానిని తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు.

* * *

పేరు కొత్తదే గాని సరుకు తెలుగువారికి కొత్తది కాదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రానివారు కూడా రోజూ వాడుతూనే ఉన్నారు. దొంగను పెట్టేది లాకప్పులో. కార్మికులను గేటు బయట నిలబెట్టేది లాకౌటు. రెండింటిలోనూ ‘లాక్’ ఒకటే, అంటే తాళమే. తోక ‘అప్’ అయితే మనిషి లోపల ఉంటాడు; ‘అవుట్’ అయితే బయట ఉంటాడు. శాసనసభలో వాకౌట్, ఆసుపత్రిలో చెకప్, స్టూడియోలో మేకప్, కొత్త సినిమా విడుదలనాడు థియేటరు ముందు నిలువెత్తు కటౌట్, చదువు మధ్యలో మానినవాడు డ్రాపౌట్. ఇవన్నీ క్రియలే, కాస్త దగ్గరగా జరిగి నామవాచకాలై కూర్చున్నాయి.

మేకప్ సంగతే చూడండి. ముఖానికి రంగు వేసుకోవడమే దాని అర్థమని తెలుగువారు స్థిరపరచుకున్నారు. కాని “షి మేడ్ అప్ ఎ స్టోరీ” అంటే లేని కథ అల్లింది. “ది బ్రదర్స్ మేడ్ అప్” అంటే తగవు పడిన అన్నదమ్ములు మళ్ళీ కలిసిపోయారు. “ది ట్రెయిన్ మేడ్ అప్ లాస్ట్ టైమ్” అంటే రైలు వేగం పెంచి ఆలస్యాన్ని పూడ్చుకుంది. “మేక్ అప్ యువర్ మైండ్” అంటే ఏదో ఒకటి తేల్చుకో. లోపమున్నచోట పూడ్చి నిండుగా చేయడమన్న భావం ఈ వాక్యాలలో చాలావాటికి ఆధారం. ముఖంలోని లోపాన్ని రంగు పూడుస్తుంది. పోయిన సమయాన్ని వేగం పూడుస్తుంది. చెడిన స్నేహాన్ని రాజీ పూడుస్తుంది. నిజంలోని ఖాళీని అబద్ధం పూడుస్తుందనుకుంటే కట్టుకథ కూడా ఈ వరుసలోనిదే.

అన్నీ ఇంత మర్యాదగా దారికి రావు. “ది అలారమ్ వెంట్ ఆఫ్” అంటే గంట మోగింది. “ది లైట్స్ వెంట్ ఆఫ్” అంటే దీపాలు ఆరిపోయాయి. “ది బాంబ్ వెంట్ ఆఫ్” అంటే పేలింది. “ది మిల్క్ వెంట్ ఆఫ్” అంటే పాలు పాడైపోయాయి. ఒకే మాట ఒకచోట మొదలును, ఒకచోట తుదిని చెబుతోంది. విడిపోవడమే ‘ఆఫ్’ ప్రాణమని గుర్తుంచుకుంటే కొంత ఊరట: గంట తన మౌనాన్ని విడిచింది, దీపం తన వెలుగును విడిచింది, పాలు తమ మంచితనాన్ని విడిచాయి. ఇక దరఖాస్తు ఫారం నింపడాన్ని ‘ఫిల్ ఇన్’ అన్నా ‘ఫిల్ అవుట్’ అన్నా ఒకటే. బండి వేగం తగ్గించడం ‘స్లో అప్’ అయినా అవుతుంది, ‘స్లో డౌన్’ అయినా అవుతుంది. ఇక్కడ ఏ సూత్రమూ పనిచేయదు. ఎందుకని అడిగితే ఇంగ్లీషువాడు కూడా భుజాలు ఎగరేస్తాడు.

* * *

తెలుగువాడికి ఈ తాళానికి చెవి తన ఇంట్లోనే ఉంది. ఒక్క ‘గివ్ అప్’ తీసుకుని నాలుగు వాక్యాలు చూస్తే చాలు. “హి గేవ్ అప్ స్మోకింగ్”: పొగతాగడం మానేశాడు. “ది డాక్టర్స్ గేవ్ హిమ్ అప్”: వైద్యులు అతని మీద ఆశ వదులుకున్నారు. “ది థీఫ్ గేవ్ హింసెల్ఫ్ అప్”: దొంగ లొంగిపోయాడు. “షి గేవ్ అప్ హర్ సీట్ టు యాన్ ఓల్డ్ మ్యాన్”: తన సీటును ఒక వృద్ధుడికి ఇచ్చేసింది.

ఇప్పుడు తెలుగు క్రియల చివరలు చూడండి. మాను అనే క్రియకు ‘వేయు’ చేరి మానేశాడు అయింది. వదులు పక్కన ‘కొను’ చేరింది. లొంగు పక్కన ‘పోవు’ చేరింది. ఇచ్చు పక్కన మళ్ళీ ‘వేయు’. ఇంగ్లీషువాడు క్రియ వెనుక దిక్కును సూచించే మాట పెట్టిన చోట, తెలుగువాడు రెండో క్రియను పెడుతున్నాడు. మానేసినవాడు దేనినీ ఎక్కడా ‘వేయ’లేదు; లొంగిపోయినవాడు ఎక్కడికీ ‘పో’లేదు. ఆ రెండో క్రియ తన సొంత అర్థాన్ని చాలావరకు విడిచిపెట్టి, మొదటి క్రియకు ఒక ముగింపునో ఒక వంపునో ఇస్తోంది. ‘అప్’ చేసేదీ అదే పని. అక్కడ పైకి ఎక్కినది ఏదీ లేదు.

అందుకే ‘అప్’ అనగానే ‘పైకి’ అని అనువదించడం మాని, చాలాచోట్ల ‘వేయు’ అని వినడం మేలు. ‘డ్రింక్’ అంటే తాగు, ‘డ్రింక్ అప్’ అంటే తాగేయి. ‘ఈట్’ అంటే తిను, ‘ఈట్ అప్’ అంటే తినేయి. ఉత్తరాన్ని ‘టియర్’ చేస్తే ఒక చిరుగు పడవచ్చు. ‘టియర్ అప్’ చేస్తే ముక్కలైపోతుంది. ‘అవే’కు తెలుగులో తరచు ‘పోవు’, ‘వేయు’ సరిపోతాయి. ‘రన్ అవే’ అంటే పారిపోవు, ‘త్రో అవే’ అంటే పారవేయు. ‘పాస్ అవే’ అంటే మరణించడం. తెలుగువారూ ‘ఆయన పోయారు’ అనే అంటారు. ‘ఆన్’ కొనసాగింపును చెబుతుంది. ‘రీడ్ ఆన్’ అంటే చదువుతూ పో. అక్కడా మళ్ళీ ‘పో’ వచ్చి నిలిచింది.

తెలుగు నేర్చుకోవడానికి వచ్చిన విదేశీయుడి అవస్థ ఊహించుకుంటే ఈ పోలిక ఇంకా తేటపడుతుంది. పట్టుబడితే పోలీసులకు దొరికినట్లు. పట్టుబడితే కాదు, పట్టుబట్టితే మొండికెత్తినట్లు. డబ్బు వెనకేసుకుంటే జాగ్రత్తపరుడు. కొడుకును వెనకేసుకువస్తే గారాబం చేసే తండ్రి. ‘చేసుకొను’ అన్నది ఎంతో సాధువైన క్రియ. కాని ఎవరిమీదనైనా ‘చేయి చేసుకుంటే’ దెబ్బ పడినట్లే. ‘కనిపెట్టు’ అంటే కొత్తది కనుగొనడం. ‘కనిపెట్టుకొని ఉండు’ అంటే రోగి మంచం పక్క కూర్చుని చూసుకోవడం. సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించడానికి ముందు ఇటువంటి వాటితో ఎన్నిసార్లు తల పట్టుకుని ఉంటాడో! తెలుగు పిల్లవాడికి మాత్రం వీటిని ఎవరూ పట్టీ వేసి నేర్పలేదు. వంటింట్లో, వీధిలో, వాక్యాలలో విని నేర్చుకున్నాడు.

అయితే ఈ చెవితో అన్ని తలుపులూ తెరుచుకుంటాయని భ్రమపడరాదు. ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకొను. పుట్, అప్, విత్ మూడింటినీ ఏ తెలుగు త్రాసులో తూచినా ఆ ఓర్పు ఎక్కడినుంచి వచ్చిందో తేలదు. “ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ నాయిస్” (ఈ గోల భరించలేను) వంటి వాక్యాన్ని నాలుగైదుసార్లు చెవిన వేసుకోవడమే ఉపాయం.

వాక్యంలో మాటల స్థానం మరో చిక్కు. సమావేశాన్ని వాయిదా వేయడం ‘పుట్ ఆఫ్’. “పుట్ ఆఫ్ ది మీటింగ్” అనవచ్చు, “పుట్ ది మీటింగ్ ఆఫ్” అనవచ్చు. కాని సమావేశం అనే మాటకు బదులు ‘ఇట్’ వాడితే అది మధ్యలోనే ఇమడాలి: “పుట్ ఇట్ ఆఫ్”. “పుట్ ఆఫ్ ఇట్” అంటే తప్పు. ‘లుక్ ఆఫ్టర్’ విషయంలో ఈ సౌకర్యం లేదు. అమ్మను చూసుకోవడం “లుక్ ఆఫ్టర్ మదర్”. ఆమె అన్నప్పటికీ “లుక్ ఆఫ్టర్ హర్” అనే. ఆ జంట మధ్యకు ఎవరినీ రానివ్వదు. తెలుగులోనూ ‘వెళ్ళిపోయాడు’ను విడదీసి ‘వెళ్ళి ఇంటికి పోయాడు’ అంటే అర్థం మారిపోతుంది గదా!

* * *

ఇంత చదువు చదివిన భారతీయుడికి ఈ చిన్న మాటలు ఎందుకు కొరుకుడు పడవు? కారణం చరిత్రలో ఉంది.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. అప్పటినుంచి కొన్ని తరాలపాటు రాజసభలో, న్యాయస్థానంలో ఫ్రెంచి రాజ్యమేలింది. మఠంలో, విద్యాపీఠంలో లాటిను. నేలకు అంటుకుని ఉన్న ఇంగ్లీషు పొలంలోనూ, పొయ్యి దగ్గరా బతికింది. పూర్వం క్రియకు ముందు ఉపసర్గగా చేరే చిన్న మాటలు చాలావరకు ఆ కాలంలోనే క్రియ వెనక్కు జరిగాయి. ‘అండర్‌స్టాండ్’, ‘ఓవర్‌కమ్’ వంటివి ఆ పాత తీరుకు మిగిలిన ఆనవాళ్ళు. ఫలితంగా ఇంగ్లీషు రెండంతస్తుల మేడ అయింది. మేడమీద ఇన్వెస్టిగేట్, పోస్ట్‌పోన్, టాలరేట్, ఎక్స్‌టింగ్విష్. కింద వసారాలో లుక్ ఇంటు, పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, పుట్ అవుట్. ఫైలులో మేడమీది మాట, ఇంట్లో వసారా మాట. నిప్పంటుకున్నప్పుడు ఏ ఇల్లాలూ “ఎక్స్‌టింగ్విష్ ఇట్” అని కేకవేయదు. “పుట్ ఇట్ అవుట్” అంటుంది.

భారతదేశానికి వచ్చిన ఇంగ్లీషు మేడమీదిది. 1835లో మెకాలే సలహాపై ప్రభుత్వం ఇంగ్లీషు చదువులకు పట్టం కట్టింది. పుస్తకాల ద్వారా, చట్టాల ద్వారా, కచేరీ కాగితాల ద్వారా ఆ భాష వ్యాపించింది. వంటింటి ఇంగ్లీషు వినే అవకాశం బహుకొద్దిమందికి దక్కింది. ఇంగ్లీషులో గొప్ప వ్యాసం రాయగల పట్టభద్రుడు బస్టాపులో ఇద్దరు ఆంగ్లేయులు చెప్పుకునే కబుర్లు అందుకోలేకపోవడంలో వింత లేదు. సంస్కృత గ్రంథాల ద్వారా మాత్రమే తెలుగు నేర్చుకున్న విదేశీయుడు విజయవాడలో హోటలుకు వెళ్ళి “భుజించి నిష్క్రమించెదను” అంటే సర్వరు ఏమనుకుంటాడు? అర్థమవుతుంది, నవ్వు కూడా వస్తుంది. “తినేసి వెళ్ళిపోతాను” అనడానికి వ్యాకరణం చాలదు, సాంగత్యం కావాలి.

అలాగని భారతీయులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తమ సొంత వాడుకలు తయారు చేసుకున్నారు. ఇక్కడ గుమాస్తా పై అధికారికి ఫైలును ‘పుట్ అప్’ చేస్తాడు. లండనులో ‘పుట్ అప్’ అంటే ఎక్కువగా అతిథికి పడక ఇవ్వడమో, గోడకు పటం తగిలించడమో. ఇక్కడ “ఐ పాస్డ్ అవుట్ ఇన్ 1985” అంటే ఆ ఏడు కళాశాల చదువు పూర్తిచేశాడని. అమెరికాలో ఇంటర్వ్యూలో అదే వాక్యం అంటే, 1985లో సొమ్మసిల్లి పడిపోయాడని ఎదుటివారు ఆశ్చర్యపోవచ్చు. ఈ వాడుకను పూర్తిగా తప్పని కొట్టిపారేయడమూ న్యాయం కాదు. శిక్షణ ముగించుకున్న సైనికాధికారుల కవాతును బ్రిటిషువారే ‘పాసింగ్ అవుట్ పెరేడ్’ అన్నారు. డెహ్రాడూన్‌లో నేటికీ ఆ పేరే. ‘కోప్ అప్ విత్’ విషయంలో మాత్రం ఇంత వాదన చేయడం కష్టం. ‘కోప్ విత్’ అంటే చాలు. మధ్యలోని ‘అప్’ ‘పుట్ అప్ విత్’ నుంచి జారిపడినట్లుంది. ఇంగ్లీషువారిలో వారికే ఏకాభిప్రాయం లేదు. భోజనమయ్యాక ‘వాష్ అప్’ చేయమంటే బ్రిటనులో అంట్లు తోమాలి. అమెరికాలో చేతులూ ముఖమూ కడుక్కుంటే సరిపోతుంది.

ఈ చిన్న మాటల బలాన్ని నమ్మి ఒక పెద్ద ప్రయోగం కూడా జరిగింది. సి.కె. ఆగ్డెన్ అనే బ్రిటిషు పండితుడు 1930లో ‘బేసిక్ ఇంగ్లీష్’ అనే చిన్న భాషను ప్రకటించాడు. మొత్తం 850 మాటలు. అందులో క్రియలు కేవలం 18. ‘ఎంటర్’ అక్కరలేదు, ‘గో ఇన్’ ఉంది. ‘రిమూవ్’ అక్కరలేదు, ‘టేక్ అవే’ ఉంది. ప్రపంచమంతా సులభంగా నేర్చుకోవచ్చునని ఆయన ఆశ. 1943లో చర్చిల్ కూడా హార్వర్డు విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ దీనిని సమర్థించాడు. కాని లెక్కలో ఒక కిటుకు ఉంది. మాటలు 850 అయినా వాటి జంటలు ఎన్నో! ‘టాలరేట్’ అనే ఒక్క మాట నేర్చుకునే శ్రమ తప్పించి, ‘పుట్ అప్ విత్’ అనే మూడు మాటల పొడుపుకథను విద్యార్థి నెత్తిన పెట్టినట్లయింది. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాడికి తేలికగా తోచినది పరాయివాడికి కూడా తేలికే అనుకోవడం ఆ పథకంలోని బలహీనత.

పరాయివాడి బాధ తెలిసినవారు పరాయి దేశాల్లో పాఠం చెప్పినవారే. జపానులో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ, తన సహచరులతో కలిసి విద్యార్థుల కోసమే ఒక నిఘంటువును తయారుచేశాడు. అది 1942లో టోకియోలో వెలువడింది. తరువాత ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం చేపట్టగా ప్రపంచమంతా పాకింది. మాటకు అర్థం చెప్పి ఊరుకోకుండా, ఆ మాట వాక్యంలో ఎక్కడ కూర్చుంటుందో చూపడం దాని ప్రత్యేకత. భారతదేశంలో 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడింది. 2007లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అయినా పోటీ పరీక్షల గైడ్లలో మాత్రం ఫ్రేజల్ వెర్బులు ఇప్పటికీ అక్షరక్రమంలో బారులు తీరి నిలబడుతూనే ఉన్నాయి. ‘బ్రేక్ డౌన్, బ్రేక్ ఇన్, బ్రేక్ ఆఫ్, బ్రేక్ అవుట్’ అని రాత్రంతా వల్లెవేసిన విద్యార్థికి తెల్లవారేసరికి నాలుగూ కలగాపులగమవుతాయి. అదే, కారు ఘాట్‌రోడ్డు మీద ‘బ్రేక్ డౌన్’ అయింది, తాళం వేసిన ఇంట్లో దొంగలు ‘బ్రేక్ ఇన్’ చేశారు, పెళ్ళి సంబంధం ‘బ్రేక్ ఆఫ్’ అయింది, ఊళ్ళో కలరా ‘బ్రేక్ అవుట్’ అయింది అని నాలుగు సంఘటనలుగా వింటే మరచిపోమన్నా మరువడు.

* * *

ఈ విద్య అలంకారం కోసం కాదు. ఇరవయ్యొకటో శతాబ్దంలో హైదరాబాదులోని కాల్ సెంటర్లలో తెలుగు యువతీయువకులు వేలమంది రాత్రివేళ అమెరికావారితో మాట్లాడుతున్నారు. ‘హోల్డ్ ఆన్’ అంటే కొంచెం ఆగండి. ‘ఐ విల్ పుట్ యు త్రూ’ అంటే కావలసినవారికి కలుపుతాను. కోపం వచ్చిన ఖాతాదారు ‘హ్యాంగ్ అప్’ చేస్తాడు, అంటే మాట మధ్యలో ఫోను పెట్టేస్తాడు. పూర్వకాలపు గోడ ఫోనులో వినే గొట్టాన్ని కొక్కేనికి తగిలించేవారు గనుక ఆ మాట పుట్టింది. గోడ పోయింది, కొక్కెం పోయింది, తగిలించడం మాత్రం మిగిలింది. కంప్యూటరులోకి ‘లాగ్ ఇన్’ అయ్యేవాడు కూడా తెలియకుండానే పాత ఓడల కాలాన్ని తలచుకుంటున్నాడు. ఓడ వేగం కొలవడానికి నీటిలోకి వదిలే కర్రముక్క ‘లాగ్’. ఆ లెక్కలు రాసిన పుస్తకం లాగ్‌బుక్కు. ఆ పుస్తకంలో నమోదు కావడమే ‘లాగ్ ఇన్’.

కాల్ సెంటరులో మాట తప్పితే పోయేది ఒక ఖాతాదారు. ఆకాశంలో మాట తప్పితే సంగతి వేరు.

1990 జనవరి 25 రాత్రి, కొలంబియా నుంచి న్యూయార్కు వచ్చిన ఒక బోయింగ్ 707 విమానం, వాతావరణం బాగులేనందువల్ల దిగడానికి వీలులేక గంటకు పైగా ఆకాశంలో చక్కర్లు కొట్టింది. ఒకసారి దిగబోయి దిగలేకపోయింది. ఇంధనం అయిపోవస్తోంది. అత్యవసర స్థితి అని టవర్‌కు చెప్పమని కెప్టెన్ స్పానిషులో ఆదేశించాడు. కో-పైలట్ ఇంగ్లీషులో “వి ఆర్ రన్నింగ్ అవుట్ ఆఫ్ ఫ్యూయల్” అన్నాడు. ‘రన్ అవుట్’ అంటే క్రికెట్ అభిమానులకు తెలిసినది వేరు. ఇక్కడ నిండుకోవడమని అర్థం. వాక్యంలో తప్పు లేదు. కాని ఆ మాట ఇంట్లో పంచదార నిండుకున్నప్పుడూ అంటారు, పెన్నులో సిరా అయిపోవస్తున్నప్పుడూ అంటారు. ఎంత మిగిలిందో, ఎన్ని నిమిషాలు ఆగగలమో అది చెప్పదు. ‘ఎమర్జెన్సీ’ అని గాని ‘మేడే’ అని గాని స్పష్టంగా ప్రకటించనందువల్ల కంట్రోలర్లు దానిని ప్రాణాపాయంగా గ్రహించలేదు. కొద్దిసేపటికే నాలుగు ఇంజన్లూ ఆగిపోయి విమానం లాంగ్ ఐలండ్‌లో కొండవాలున కూలింది. అందులోని 158 మందిలో 73 మంది మరణించారు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం, అంతర్జాతీయ మార్గాల్లో విమానం నడిపేవారికీ వారితో రేడియోలో మాట్లాడే కంట్రోలర్లకూ 2008 నుంచి ఇంగ్లీషు సంభాషణలో నిర్ణీత స్థాయి ఉండి తీరాలి. రాసే ఇంగ్లీషు కాదు, మాట్లాడే ఇంగ్లీషు, వినే ఇంగ్లీషు. అదే సంవత్సరం హైదరాబాదు విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు తరలింది. అక్కడ బయలుదేరబోయే విమానంతో కంట్రోలరు ఎంతసేపు మాట్లాడినా, దారి చెప్పినా, ఎత్తు చెప్పినా, వరుసలో ఆగమన్నా ‘డిపార్చర్’ అనే మాటే వాడతాడు. ‘టేక్ ఆఫ్’ అన్న రెండు మాటలు ఆయన నోట చివరకే వస్తాయి. రన్‌వే ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు. లేదా ఇచ్చిన అనుమతిని రద్దు చేసేటప్పుడు.